పక్కజీను

ముందు సీసపు కొలబద్దను వంచుతాను
మెడ దిగి వీపు మొదలయ్యే మిట్ట మీద.
ఎముక ఎటు చెబితే అటు వంగుతుందది.
దాన్ని కాగితం మీద పెట్టి పెన్సిల్ తిప్పితే
ఒక కొండ గీత.
పొవిస్ కొండల్ని కూడా నేనట్లాగే చూస్తాను,
ఎవరో దించి మరిచిపోయిన జీనుల్లా.

ముప్పయ్యేళ్లుగా ఇదే పని.
మనిషి కూర్చున్నాడనుకుంటాం గాని
కూర్చోబెట్టేది జీను.
దుముకుడు జీను మోకాళ్లను ముందుకు లాగుతుంది,
రౌతు ఎప్పుడూ లేవబోతున్నట్టే ఉంటాడు.
పొడుగు రెక్కల జీను కాళ్లను జారవిడిచి
నడుమును నిటారుగా నిలబెడుతుంది.
పశువులు తోలేవాళ్ల జీను పడక్కుర్చీ.
దాన్లో రోజంతా పోవచ్చు,
గుర్రం గొణుగుడు మాత్రం వినపడదు.
ఇక లోతు తప్పిన జీనులో
ఎంత గట్టి రౌతయినా
పాదాలు ముందుకి, నడుం వెనక్కి,
ప్రతి అడుగుకీ అరక్షణం ఆలస్యం.
తప్పు తనదేననుకుని
ఏళ్ల తరబడి తనను తాను తిట్టుకుంటాడు.

ఎమ్రిస్ కూడా అదే అన్నాడు, తప్పు నాదే అని.
గడ్డి కట్టలు చుట్టే యంత్రం
అతని ఎడమకాలిని మోకాలి దాకా మిగిల్చింది.
పాత జీను ఎక్కితే
ఉన్న కాలి వైపుకు జారిపోయేవాడు
తూకం చెడిన తక్కెడలా.
బ్రిథెన్ వీపు మీద పిండి చల్లి
పది నిమిషాలు నడిపించి జీను తీశాను.
కుడివైపు పిండంతా చెమటలో ముద్దయింది,
ఎడమవైపు చల్లింది చల్లినట్టే ఉంది.
ఆ తెల్లటి చోటు చూసి
అతను చాలాసేపు మాట్లాడలేదు.
గుర్రం మాత్రం తోక ఆడించింది.

అటక మీంచి దాన్ని దించింది వాళ్ల చెల్లెలు.
ముత్తవ్వ టెగ్వెన్ జీను.
ఒకే పక్కన రెండు కొమ్ములు,
ఒకటి పైకి, ఒకటి కిందికి వంగి.
"గౌను కూడా తెచ్చావా?" అన్నాడు ఎమ్రిస్.
నవ్వలేదు ఎవరం.

టెగ్వెన్‌కి ఆ జీనంటే పడేది కాదట.
చర్చి మలుపు దాటగానే
దాన్ని విప్పి రాతిగోడ మీద పెట్టి
ఉత్త వీపు మీద రెండు కాళ్లూ అటూ ఇటూ వేసి
వాగు దాకా పరుగెత్తించేదట.
పాత ఉన్ని పీకుతుంటే నా వేలికి గుచ్చుకుంది
వంగిన గుండుసూది.
కుట్టినవాడి పొరపాటో, ఆమె కసో.
తుడిచి డబ్బాలో వేసుకున్నాను.

కొత్త ఉన్ని కూరాను, పిడికిలి పిడికిలి.
కుడి తొడ పై కొమ్ము మీదుగా,
మోకాలి దగ్గర ఆగిపోయిన ఎడమ తొడ కింది కొమ్ముకు ఆని.
భయమేస్తే ఆ తొడను పైకి నొక్కు, అంతే,
నిన్ను విసిరెయ్యడం గుర్రం తరం కాదు అన్నాను.
కాళ్లు రెండూ ఒక పక్కే,
భుజాలు మాత్రం గుర్రం చెవులకు ఎదురుగా.
అదే కష్టం. మనిషి మెలికపడకుండా మెలిక తిరగాలి.
కుడికాలు చెయ్యాల్సిన పని
చేతిలోని బెత్తం చేస్తుంది.

మొదటి గంట తిట్లే.
వెల్ష్‌లో తిడితే నాకు తెలియదనుకున్నాడు.

మూడో వారం, నేను చెప్పకుండానే
చర్చి మలుపు వైపు తిప్పాడు.
గోడ దగ్గర బ్రిథెన్ గడ్డికి తల దించింది.
అతను గోడ మీది రాళ్లను చూస్తూ కూర్చున్నాడు,
నిటారుగా, దేన్నీ పట్టుకోకుండా.
ఆమె దింపిన చోట
అతను దిగలేదు.
కళ్ళెం సర్దుకుని వాగు వైపు పోయాడు,
మొదట నడక, తర్వాత మెల్లని దౌడు.
నాకు బెత్తం కొస మాత్రమే కనపడింది కాసేపు.

తిరిగొచ్చాక పిండి చూశాను.
రెండు పక్కలా చెదిరింది,
ఎడమ భుజం దగ్గర కాస్త ఎక్కువ.
"కుడి తుంటి లాగుతోంది" అన్నాడు,
మొహం నిండా ఎండ.
లాగుతుంది మరి.
గురువారం తీసుకురా,
ఇంకో గుప్పెడు ఉన్ని సర్దాలి.